తాంబూలంలో వచ్చిన అరటిపండ్లు

శ్రావణమాసం వచ్చిందంటే హైదరాబాద్‌లోని ఖాజాగూడ అపార్ట్‌మెంట్లలో అరటిపండ్లకు కొదవ ఉండదు. వరలక్ష్మీ వ్రతం నాటి సాయంత్రం ఒక్క టవర్‌లోనే నాలుగైదు ఇళ్ల నుంచి పేరంటానికి పిలుపు వస్తుంది. ప్రతి ఇంట్లోనూ తాంబూలం ఇస్తారు: తమలపాకులు, వక్కలు, జాకెట్టు ముక్క, నానబెట్టిన శనగలు, రెండు అరటిపండ్లు. ఇంటికి చేరేసరికి సంచి బరువెక్కుతుంది. ఆ వారంలోనే ఎవరిదో గృహప్రవేశం, ఇంకెవరిదో సత్యనారాయణ వ్రతం. శుక్రవారం పసుపుపచ్చగా వచ్చిన పండ్ల మీద సోమవారానికి చుక్కలు తేలతాయి. బుధవారానికి తొక్క నల్లబడుతుంది. ఇంటి పనికి వచ్చే అమ్మాయి "అక్కా, ఈ అరటిపండ్లు పారెయ్యాల్నా?" అని అడుగుతుంది. ఆఫీసు కాల్‌లో ఉన్న మీరు తల ఊపుతారు.

ఆ తల ఊపే ముందు ఒక్క నిమిషం ఆగమని అడగడానికే ఈ అధ్యాయం.

ఆ పండు చాలా దూరం నుంచి వచ్చింది. పొడుగ్గా, నున్నగా ఉండే గ్రాండ్ నైన్ రకం అయితే అనంతపురం, కడప వైపు తోటల్లో పండి ఉండొచ్చు. చక్కెరకేళి, కర్పూర అయితే గోదావరి లంకల్లో పెరిగి, రావులపాలెం మార్కెట్ దాటి వచ్చి ఉండొచ్చు. పిలక నాటిన దగ్గర్నుంచి గెల కోతకు రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. పల్లెలో అయితే మరీ మగ్గిన పండు ఆవు నోటికి వెళ్లేది, అక్కడితో దాని కథ సరిగ్గానే ముగిసేది. పద్నాలుగో అంతస్తులో ఆవు లేదు. ఇక్కడ అది తడి చెత్త డబ్బాలోకి వెళ్తుంది. వేరు చేయకుండా మూట కట్టి పెడితే నగరం ఆ చివరనున్న జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా ప్రయాణం చేసి, అక్కడ గుట్టల కింద గాలి తగలకుండా కుళ్లి మీథేన్‌గా మారుతుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన ఆహార వృథా సూచిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. మన దేశంలో ఇళ్లలో వృథా అయ్యేది ఒక్కో మనిషి లెక్కకు ఏడాదికి సుమారు 55 కిలోలు వస్తుంది. తొక్కలు, టెంకలు లాంటి తినని భాగాలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. అవి తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు.

అయితే నేను ఈ విషయం ఎత్తుకున్నది పొదుపు నేర్పడానికి కాదు. నాలుగు అరటిపండ్లు మిగిలితే ఎవరి ఇల్లూ నిలబడదు, పారేస్తే ఎవరి ఇల్లూ కూలదు. నాకు పట్టింపు వేరేచోట ఉంది. ఆకలేసినప్పుడు మనం మొదట వేసుకునే ప్రశ్న మారిపోయింది. "ఏం తినాలనిపిస్తోంది?" అని ఫోన్ తెరుస్తున్నాం. పది నిమిషాల్లో గుమ్మంలోకి తెచ్చిచ్చే సంస్థలు ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు కూడా పది నిమిషాల్లో వస్తోంది. మన పెద్దవాళ్ల వంట "ఇంట్లో ఏముంది?" అన్న ప్రశ్నతో మొదలయ్యేది. పెరుగు పులిస్తే మజ్జిగ పులుసు. అన్నం మిగిలితే పొద్దున్నే పోపు పెట్టి నిమ్మకాయ పిండడం. ఇడ్లీ పిండి పులిసిపోతే పునుగులు. పునుగులకైతే పులిసిన పిండే కావాలి, తాజా పిండితో ఆ రుచి రాదు. చేతిలో ఉన్నదాని గుణం ఏమిటో చూసి, ఆ గుణానికి తగ్గ వంట వెతకడం ఒక నైపుణ్యం. ఉద్యోగంలో, చదువులో, డబ్బు విషయంలో మనం రోజూ వెతుక్కునే నైపుణ్యమే అది. దాన్ని అతి తక్కువ ఖర్చుతో, నష్టభయం లేకుండా సాధన చేయగల చోటు వంటిల్లు. అందుకు నల్లబడ్డ అరటిపండును మించిన సరుకు నాకు కనిపించలేదు, ఎందుకంటే అది ముదిరేకొద్దీ ఈ పనికి ఇంకా బాగా పనికొస్తుంది.

అందుకే మొదటి అలవాటు వండటం కూడా కాదు, చూడటం. శనివారం సాయంత్రం వారానికి సరిపడా సరుకులు తెప్పించే ముందు ఫ్రిజ్, పండ్ల బుట్ట, పిండి డబ్బాలు ఒకసారి తెరిచి చూడండి. చిట్టా రాయొద్దు, యాప్‌లో ఎక్కించొద్దు. ఊరికే చూడండి. ఏది రెండు రోజుల్లో పాడవుతుందో కళ్లకు తెలిసిపోతుంది. ఆదివారం ఏం చేయాలో అదే చెబుతుంది.

ఇక పండు సంగతి. పచ్చి అరటికాయ గుజ్జులో దాదాపు ఐదో వంతు పిండి పదార్థమే. పండు తనలోంచే ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో ఎంజైములు ఆ పిండిని చక్కెరలుగా విడగొడతాయి. బాగా మగ్గిన పండులో పిండి ఒకటి రెండు శాతానికి పడిపోతుంది, మిగతాదంతా తీపిగా మారుతుంది. గుజ్జును పట్టి ఉంచే పెక్టిన్ కరిగి పండు మెత్తబడుతుంది. వాసన చిక్కబడుతుంది. అంటే తొక్క మీద మచ్చలు పడుతున్నకొద్దీ లోపల తీపి, తేమ, వాసన మూడూ పెరుగుతున్నాయి. నేరుగా తినడానికి మనకు నచ్చని ఆ మూడు గుణాలే ఈ అధ్యాయంలో మనం చేయబోయే మఫిన్‌కు కావలసినవి.

ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తొక్క ఒక్క రాత్రిలో నల్లబడిందని చాలామంది భయపడి పారేస్తారు. 13 డిగ్రీల కంటే తక్కువ చల్లదనాన్ని అరటి తొక్క ఓర్చుకోలేదు, అంతే. లోపలి పండుకు ఏమీ కాదు. ఒలిచి చూడండి. గుజ్జు తేనె రంగులో ఉన్నా, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలున్నా వాడుకోవచ్చు. తొడిమ దగ్గర బూజు పట్టినా, నీరు కారుతున్నా, కల్లు వాసన వేస్తున్నా దాని దారి కంపోస్టుకే. అక్కడ మొహమాటపడొద్దు.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. తొక్క నిగనిగలాడే పసుపు, లోపల గట్టిగా, చప్పగా ఉండే పండ్లు బజారులో దొరుకుతుంటాయి. కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. ఇథిలీన్ వాయువుతో, పరిమితికి లోబడి మగ్గబెట్టడానికి అనుమతి ఉంది. ఏ పద్ధతిలో రంగు వచ్చినా సరే, లోపల పిండి చక్కెరగా మారకపోతే ఆ పండుతో మఫిన్ చేయొద్దు. నాలుగు రోజులు ఆగండి.

హైదరాబాద్‌లో తోపుడు బండ్ల మీద ఎక్కువగా కనిపించేది గ్రాండ్ నైనే. మఫిన్‌కు అది బాగుంటుంది. కానీ నా ఓటు కర్పూరకు. అందులో చిన్న పులుపు ఉంటుంది. ఆ పులుపు వంటసోడాతో కలిసి పిండిని పొంగిస్తుంది, తీపిని వెగటు కానివ్వదు. చక్కెరకేళిని మాత్రం మరీ మగ్గనివ్వకుండా తినేయండి. అంత మంచి పండును ఓవెన్‌కు ఇవ్వడం నాకు మనసొప్పదు.

తెలుగు ఇళ్లలో బేకింగ్ సంప్రదాయం లేదు. మనవి ఆవిరి వంటలు, నూనె వంటలు, పెనం వంటలు. కాల్చిన తినుబండారాలు కావాలంటే బేకరీకి వెళ్లేవాళ్లం. హైదరాబాద్‌కు ఆ విషయంలో లోటే లేదు. ఇరానీ హోటళ్ల ఉస్మానియా బిస్కెట్లు, 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు ఊరంతటికీ తెలుసు. ఇంట్లో ఓవెన్ అన్నది ఈ ఇరవై ముప్పై ఏళ్ల ముచ్చట. అటు అమెరికాలో 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, మగ్గిన అరటిపండ్లను సోడా, బేకింగ్ పౌడరుతో బ్రెడ్డుగా మార్చే పద్ధతి ఇళ్లలో పాకింది. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ ప్రపంచమంతా ఆ వంట చేసింది. ఈ ఆలోచన మన దక్షిణాదికీ కొత్తది కాదు. మంగళూరు, ఉడుపి హోటళ్లలో దొరికే బన్స్ మగ్గిన అరటిపండు, పిండి, పెరుగు, సోడా కలిపి నూనెలో వేయించేవే. కేరళ ఉన్నియప్పంలోనూ అరటిపండు ఉంది. రుచి సంగతి చూస్తే, నేను ఇక్కడ చెప్పబోయే మఫిన్‌లో గోధుమ, బెల్లం, నెయ్యి, యాలకులు ఉన్నాయి. అన్నవరం ప్రసాదం తిన్న నాలుకకు ఇది పరాయిగా అనిపించదు.

పన్నెండు మఫిన్లకు 350 గ్రాముల గుజ్జు కావాలి. గ్రాండ్ నైన్ పండ్లు మూడు, కర్పూర అయితే ఆరు సరిపోతాయి. గోధుమపిండి 200 గ్రాములు, బెల్లం పొడి 100 గ్రాములు, కరిగించిన నెయ్యి గానీ వాసన లేని నూనె గానీ 80 మిల్లీలీటర్లు, పెరుగు 60 గ్రాములు. చిన్న చెంచాతో ముప్పావు చెంచా వంటసోడా, అర చెంచా బేకింగ్ పౌడరు, పావు చెంచా ఉప్పు. నాలుగు యాలకులు దంచి వేయండి. గుడ్డు తినేవాళ్లు పెరుగు బదులు ఒక గుడ్డు వేసుకోవచ్చు. వ్రతాల నెలలో పెరుగే మేలు. మైదాతో చేస్తే ఇంకా తేలిగ్గా పొంగుతాయి, నిజమే. గోధుమపిండితో కాస్త బరువుగా వచ్చినా రుచి నిండుగా ఉంటుంది, ఆకలి ఆగుతుంది. పిల్లల టిఫిన్ డబ్బాకు నేను గోధుమపిండినే సిఫారసు చేస్తాను. జొన్నపిండి, సజ్జపిండి కలపాలనుకుంటే నాలుగో వంతు మించనివ్వకండి. వాటిలో సాగే గుణం లేదు కాబట్టి మఫిన్ విరిగి రాలిపోతుంది.

గ్రాములు చెప్పడానికి కారణం ఉంది. మన వంటంతా కంటి కొలత, చేతి కొలత. పప్పులో ఉప్పు తగ్గితే మళ్లీ వేస్తాం, పులుసు చిక్కబడితే నీళ్లు పోస్తాం. ఓవెన్‌లో పెట్టాక సర్దుకునే వీలుండదు. సోడా ఒక్క పావు చెంచా ఎక్కువైనా సబ్బు రుచి తగులుతుంది. ఒక చిన్న తూకం యంత్రం కొనుక్కుంటే చాలాకాలం పనికొస్తుంది.

ముందుగా ఓవెన్‌ను 180 డిగ్రీల దగ్గర పెట్టి పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోగా వెడల్పాటి గిన్నెలో పండ్లను ఫోర్క్‌తో మెదపండి. మిక్సీ వద్దు. మిక్సీలో వేస్తే నున్నటి జావ అవుతుంది. ఫోర్క్ పళ్ల మధ్య నుంచి గుజ్జు జారుతూ, అక్కడక్కడా చిన్న ఉండలు మిగలాలి. ఆ ఉండలే కాలాక తీపి జేబులుగా నోటికి తగులుతాయి. అందులో బెల్లం, నెయ్యి, పెరుగు వేసి, బెల్లం కరిగేదాకా కలపండి. ఇంకో గిన్నెలో పిండి, సోడా, బేకింగ్ పౌడరు, ఉప్పు, యాలకుల పొడి జల్లించండి. ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిపే ఘట్టమే మఫిన్ బాగోగులు నిర్ణయిస్తుంది, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

గారెల పిండి ఎంత గిలకొడితే గారె అంత గుల్లగా వస్తుందని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. చేయి దానంతటదే ఆ పని చేయబోతుంది. మినప్పిండిలో సాగుడు గుణమిచ్చే గ్లూటెన్ లేదు, గిలకొట్టినకొద్దీ గాలి పట్టుకుంటుంది. గోధుమపిండి తడి తగిలాక గిలకొడితే సాగుడు గుణం పెరుగుతుంది. బొబ్బట్ల పిండిని మనం మర్దించి మర్దించి నానబెట్టేది ఆ సాగుడు కోసమే. మఫిన్‌కు అది శత్రువు. ఎక్కువ కలిపితే మఫిన్ రబ్బరులా సాగుతుంది, లోపల పొడుగాటి సొరంగాలు పడతాయి. కాబట్టి పొడిపిండిని గుజ్జులో పోసి, గరిటెను అడుగు నుంచి పైకి తిప్పుతూ నెమ్మదిగా మడవండి. తెల్లటి చారలు మాయమవగానే ఆపేయండి. ముద్ద గరుకుగా, ఉండలుండలుగా కనిపిస్తుంది. "ఇంకొంచెం కలిపితే బాగుండు" అనిపిస్తుంది. అనిపించినా కలపొద్దు. పనికి అవసరమైనంత చేసి చేయి వెనక్కి తీసుకోవడం చాలామందికి కష్టం. రాత్రి పదకొండింటికి ఒకసారి రాసిన మెయిల్‌ను మళ్లీ మళ్లీ దిద్దేవాళ్లకు నేను ఏమని చెబుతానో, ఈ గిన్నె ముందు నిలబడ్డవాళ్లకూ అదే చెబుతాను.

సోడా పులుపును తాకగానే బుడగలు మొదలవుతాయి కాబట్టి ఈ పిండి ఎదురుచూడదు. వెంటనే కాగితపు కప్పులు పరిచిన ట్రేలో ముప్పాతిక వంతు దాకా నింపి, ఓవెన్ మధ్య అరలో పెట్టండి. మొదటి పదిహేను నిమిషాలు తలుపు తెరవొద్దు. అద్దంలోంచి చూడండి. కాసేపటికి పిండి కాగితం అంచు దాటి ఉబ్బుతుంది. నడిమధ్య తడిగా మెరిసే చోటు మెల్లగా మసకబారుతుంది, అక్కడ సన్నగా చీలిక వచ్చి ఆవిరి బయటికి వస్తుంది. అప్పటికి వాసన హాలు దాటి పడగ్గదుల్లోకి వెళ్తుంది, రాత్రి షిఫ్టు చేసి పడుకున్నవాళ్లను కూడా లేపుతుంది. ఇరవై నిమిషాల ప్రాంతంలో టూత్‌పిక్ గుచ్చి చూడండి. పచ్చిపిండి అంటుకోకపోతే అయినట్టే. అంటుకుంటే ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచండి. బయటికి తీశాక ట్రేలో ఐదు నిమిషాలే ఉంచి, జాలీ మీదికి మార్చండి. ట్రేలోనే వదిలేస్తే ఆవిరికి అడుగు చెమర్చి మెత్తబడుతుంది.

ఓవెన్ లేని అద్దె ఇళ్లు, పీజీ గదులు ఖాజాగూడ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అక్కడ ఉండేవాళ్లు ఆగిపోనక్కర్లేదు. గుంత పొంగనాల పెనం ఉంటే చాలు. గుంతల్లో చుక్క నెయ్యి వేసి, ఇదే పిండి ముప్పాతిక వంతు నింపి, మూత పెట్టి సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు, తిప్పి ఇంకో రెండు మూడు నిమిషాలు. అడుగు ఎర్రగా వేగి, లోపల స్పంజిలా వస్తాయి. నిజం చెప్పాలంటే బెల్లం, నెయ్యి వేగిన ఆ అంచు రుచి ఓవెన్ మఫిన్‌కు రాదు. కుక్కర్‌లో ఉప్పు పోసి కేకు చేసే పద్ధతి కూడా చాలామంది చెబుతారు. నీళ్లు లేకుండా వేడిచేస్తే కుక్కర్ పాడవుతుంది కాబట్టి దానికి ఒక పాత మందపాటి గిన్నె, బరువైన మూత కేటాయించుకోండి. కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ అయితే లోహపు ట్రేను కన్వెక్షన్ పద్ధతిలోనే పెట్టాలి, మైక్రో పద్ధతిలో ఎప్పుడూ పెట్టకూడదు.

"ఆదివారం దాకా పండు ఆగదు, బుధవారం నాకు తీరదు" అనేవాళ్లు ఉంటారు. అమెరికా సమయాల్లో పనిచేసేవాళ్ల వారం వాళ్ల చేతిలో ఉండదని నాకు తెలుసు. అందుకే ఫ్రీజర్ ఉంది. నల్లబడ్డ పండ్లను తొక్క తీసి, ముక్కలు చేసి, డబ్బాలో పెట్టి, మీద తేదీ రాయండి. రెండు నిమిషాల పని. రెండు మూడు నెలలు నిలుస్తాయి. తొక్కతో పెడితే తర్వాత ఒలవడం నరకం. వాడే రోజు ఒక గిన్నెలో బయట పెడితే కరిగి, గోధుమరంగు నీరు దిగుతుంది. చూడ్డానికి బాగుండదు గానీ ఆ నీటిలోనూ తీపి ఉంది. పారబోయకుండా గుజ్జుతో పాటే తూచి వాడండి. ఇలా డబ్బా నిండేదాకా కూడబెట్టి నెలకోసారి చేసే ఇళ్లు కూడా ఉంటాయి. తప్పేమీ లేదు.

ఇది పండుతో చేసింది కదా అని ఎన్నయినా తినొచ్చనుకోకండి. ఒక్కో మఫిన్‌లో ఎనిమిది గ్రాములకు పైగా బెల్లం ఉంది. బెల్లమైనా చక్కెర లెక్కలోకే వస్తుంది. విడిగా కలిపిన చక్కెరలు రోజువారీ శక్తిలో పది శాతం దాటకూడదని, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఐదు శాతమంటే పెద్దవాళ్లకు సుమారు 25 గ్రాములు. రెండు మఫిన్లు, రెండు కప్పుల తీపి చాయ్ అయితే ఆ లెక్క అక్కడికే నిండిపోతుంది. మధుమేహం ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే బెల్లాన్ని 60 గ్రాములకు తగ్గించండి. పండు నిజంగా నల్లబడి ఉంటే ఆ తేడా నాలుకకు పెద్దగా తెలియదు. వాళ్లకు మాత్రం సగం ముక్కే పెట్టండి.

పన్నెండు మఫిన్లు నలుగురున్న ఇంటికి ఎక్కువ. తాంబూలం ఇచ్చిన ఇళ్లకు రెండేసి పంపండి. పనికొచ్చే అమ్మాయి చేతిలోనూ రెండు పెట్టండి, ఆ పండ్లను చెత్తలో వేయకుండా మిమ్మల్ని అడిగింది తనే కదా. మిగిలినవి ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ గుట్టలు ఎక్కేటప్పుడు సంచిలో వేసుకోండి. పళ్లెం అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు, చేతికి అంటదు. కాగితపు కప్పులు మాత్రం ఒక్కటీ అక్కడ వదలకుండా తిరిగి తెచ్చుకోండి. ఆ గ్రానైటు రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. సొసైటీ టు సేవ్ రాక్స్ సభ్యులు 1996 నుంచి ఇలాంటి రాళ్ల కోసం ఈ నగరంలో పోరాడుతున్నారు.

మఫిన్లు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత వేయాలి. అడుగున ఒక టిష్యూ కాగితం పరిస్తే చెమ్మ పీల్చుకుంటుంది. చలికాలంలో బయట రెండు రోజులు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో, వానాకాలపు ముసురులో ఒక్క రోజే. ఆ తర్వాత ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంచొచ్చు. తినే ముందు మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు, లేదా మూత పెట్టిన పెనం మీద రెండు నిమిషాలు వెచ్చబెట్టండి.